‘డ్యూన్ మెసయా’ ఎందుకు అంతమందికి నచ్చదు? సగంలో ఆపేస్తే నష్టమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఫ్రాంక్ హెర్బర్ట్ సైన్స్ ఫిక్షన్ నవల ‘డ్యూన్’ (ఎడారి గ్రహం అర్రాకిస్ మీద పాల్ అనే కుర్రాడు చక్రవర్తి అయ్యే కథ) ఒక్క బిగిన చదివేశారు. ఆ ఊపులో రెండో నవల ‘డ్యూన్ మెసయా’ పట్టుకుని సగంలో పక్కన పెట్టేశారు. "యుద్ధం లేదు, ఎడారి లేదు, గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే. పాల్ మీద విసుగొచ్చింది. అందరికీ ఇంతేనా, నాకేనా? పూర్తి చేయాలా? తర్వాతవి చదవాలా?" అని అడిగారు. కథ తెలిసిపోయినా పరవాలేదన్నారు కాబట్టి దాదాపు ఏదీ దాచకుండా రాస్తున్నాను. చదవని వాళ్ళెవరైనా ఇటు వచ్చి ఉంటే ఇక్కడే వెనక్కి వెళ్ళిపోవడం మంచిది.

సూటిగా జవాబు: మీకొక్కరికే కాదు. 1969లో ఈ నవల వచ్చినప్పటి నుంచీ జనం ఇదే మాట అంటున్నారు. అయినా పూర్తి చేయండి, ఎందుకంటే ఈ పుస్తకం బలమంతా రెండో సగంలోనే ఉంది. పైగా మొత్తం కలిపినా మొదటి నవలలో సగం కూడా ఉండదు. మీకు మిగిలింది ఓ ఆదివారం పని. దాని తర్వాత మూడోది కూడా చదవండి. నాలుగోదాని దగ్గర మాత్రం కాస్త ఆగి, మీరెలాంటి పాఠకులో చూసుకుని ముందుకెళ్ళండి.

నేను హైదరాబాదులో సైన్స్ ఫిక్షన్ చదివే ఒక చిన్న బృందాన్ని చాలా ఏళ్ళుగా నడుపుతున్నాను. ఆబిడ్స్ ఆదివారం పాత పుస్తకాల బజారులో దొరికిన డ్యూన్ కాపీలన్నీ చేతులు మారుతూ మా దగ్గరే తిరుగుతుంటాయి. ఈ సిరీస్‌ని చాలామందితో చదివించాను కాబట్టి ఎవరు ఎక్కడ ఆగిపోతారో, ఏమని తిట్టుకుంటారో ఇప్పటికి ఒక అంచనా ఉంది. నేను గమనించిందేమిటంటే, ‘మెసయా’ మీద వచ్చే అసంతృప్తిలో రెండు పాయలున్నాయి. ఒకటి రచయిత కావాలని కలిగించింది. ఇంకోటి ఆయన చేతగానితనం వల్ల కలిగింది. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే "ఇదో గొప్ప పుస్తకం, మీకు అర్థం కాలేదు" అనేవాళ్ళకీ, "చెత్త పుస్తకం" అనేవాళ్ళకీ ఎప్పటికీ కుదరదు.

ముందు కొంచెం వెనక కథ. ‘డ్యూన్’ని ఫ్రాంక్ హెర్బర్ట్ 1963 చివర్నుంచి 1965 దాకా ‘అనలాగ్’ పత్రికలో రెండు సీరియళ్ళుగా వేశాడు. పుస్తకంగా వేయమంటే ఇరవైమందికి పైగా ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి 1965లో చిల్టన్ అనే సంస్థ వేసింది. వాళ్ళ అసలు వ్యాపారం కార్ల రిపేరు పుస్తకాలు! ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. నవలకి ఇచ్చిన మొట్టమొదటి నెబ్యులా పురస్కారం దానికే వచ్చింది. 1966 హ్యూగో పురస్కారాన్ని రోజర్ జెలాజ్నీ నవలతో కలిసి పంచుకుంది.

ఇంత పేరొచ్చిన నవలకి కొనసాగింపు వస్తే ఏ పత్రికైనా ఎగిరి గంతేయాలి కదా. కానీ ‘అనలాగ్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్, మొదటి నవలని నెత్తిన పెట్టుకున్న మనిషే, రెండోదాన్ని వద్దన్నాడు. సైన్స్ ఫిక్షన్ పాఠకులకి కావలసింది హీరోలు, హీరోని తీసుకొచ్చి ఇలా కూలదోస్తే వాళ్ళు ఒప్పుకోరు అన్నది ఆయన అభ్యంతరం. దాంతో అది 1969లో పోటీ పత్రిక ‘గెలాక్సీ’లో సీరియల్‌గా వచ్చి, అదే ఏడు పుస్తకమైంది. అంటే ఈ పుస్తకం అచ్చు కాకముందే దాని మీద వచ్చిన మొదటి స్పందన ఇప్పుడు మీకు కలిగినదే. మీరు మంచి సావాసంలోనే ఉన్నారు. (క్యాంప్‌బెల్ 1971లో పోయాడు. మూడో నవల ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’ 1976లో మళ్ళీ ఆ ‘అనలాగ్’లోనే వచ్చింది, బెన్ బోవా సంపాదకుడిగా ఉన్నప్పుడు. బాగా అమ్ముడుపోయింది కూడా. రెండోదాన్ని ఈసడించిన జనమే మూడోదానికి ఎగబడ్డారంటే కథ మీద మోజు చావలేదన్నమాట.)

ఇక్కడ ఒక ప్రచారం గురించి చెప్పాలి. "మొదటి నవల చదివి జనం పాల్‌ని దేవుణ్ణి చేసేశారు, అది చూసి హెర్బర్ట్ నొచ్చుకుని, దిద్దడానికి రెండోది రాశాడు" అంటుంటారు. సినిమాలు తీసిన డెనీ విల్నవ్ కూడా ఇంచుమించు ఇలాగే చెప్పాడు. ఇందులో నిజం ఉంది గానీ మొత్తం నిజం కాదు. రెండో, మూడో నవలల్లో కొన్ని భాగాలు మొదటిది పూర్తి కాకముందే రాసుకున్నానని హెర్బర్టే చెప్పుకున్నాడు. అంటే పాల్ పతనం తర్వాత అతికించిన మాట కాదు, ముందునుంచీ పథకంలో ఉన్నదే. 1980లో ‘ఆమ్నీ’ పత్రికకి రాసిన వ్యాసంలో అయితే దాపరికం లేకుండా, మహావీరులు మనుషులకి వినాశకరం అన్నది తన ఆలోచన అని రాశాడు.

నమ్మకం లేకపోతే మొదటి నవలలోకే వెళ్ళి చూడండి. మా బృందంలో ‘డ్యూన్’ అయిపోగానే ఒక ప్రశ్న అడుగుతుంటాను: గ్రహశాస్త్రవేత్త కైన్స్ ఎడారిలో చనిపోయే ముందు అతని చెవిలో వాళ్ళ నాన్న గొంతు ఏమంటుంది? ఇసుక అడుగున స్పైస్ (ఆ గ్రహంలో మాత్రమే దొరికే విలువైన మత్తు పదార్థం) ఉబికి పేలడం అందరికీ గుర్తుంటుంది, ఆ మాట దాదాపు ఎవరికీ గుర్తుండదు. ఒక జాతికి వీరుడి చేతిలో పడటాన్ని మించిన ఉపద్రవం లేదన్నది ఆ మాట సారాంశం. పుస్తకం ఇంచుమించు సగం దగ్గరే, ఒక పెద్దమనిషి చావు మధ్యలో, అంత బాహాటంగా చెప్పాడు. అలాగే గుడారంలో తల్లితో దాక్కున్నప్పుడు పాల్‌కి తన పేరు మీద జెండాలెత్తుకుని విశ్వమంతా నరికేసుకుంటూ పోయే సైన్యాలు కనిపిస్తాయి. పుస్తకం పొడుగునా "దీన్ని ఎలాగైనా ఆపాలి" అనుకుంటూనే ఉంటాడు. చివరి అధ్యాయంలో ఇక ఆగదని అతనికి తెలుస్తుంది. మనం మాత్రం శత్రు వంశం వాడు ఫేడ్‌తో కత్తియుద్ధం చూస్తూ ఆ సంగతి పట్టించుకోం. హెర్బర్ట్ అంత బాగా రాశాడు ఆ కత్తియుద్ధాన్ని, అదే ఆయన ఇబ్బంది.

మనవాళ్ళకి దీన్ని అర్థం చేయించడం నిజానికి తేలిక. మన ఇళ్ళల్లో రామాయణ పారాయణ పట్టాభిషేకంతో ముగిస్తారు. ఉత్తరకాండ దాకా వెళ్ళడానికి చాలామందికి మనసొప్పదు. అది వాల్మీకిది కాదు, తర్వాత ఎవరో చేర్చారు అని వాదించేవాళ్ళూ ఉన్నారు. అయినా తిక్కన ఏరి కోరి ఆ ఉత్తరకథనే తీసుకుని ‘నిర్వచనోత్తర రామాయణం’ రాశాడు. మన సినిమా వాళ్ళకీ ఆ కథ మీద మోజు తీరలేదు. పట్టాభిషేకం తర్వాత ఏమైందన్న ప్రశ్న చేదుగా ఉన్నా వదలదు. ‘డ్యూన్’ పట్టాభిషేకం దగ్గర ఆగుతుంది, ‘మెసయా’ ఆ తర్వాత పన్నెండేళ్ళకి మొదలవుతుంది. పోలిక ఇంతవరకే. రాముడికీ పాల్‌కీ ముడిపెట్టి నాతో గొడవకి రాకండి.

ఇక రచయిత కావాలని కలిగించిన అసంతృప్తి ఎక్కడ తగులుతుందో రెండు చోట్లు చూపిస్తాను.

మొదటిది ఎడారి జాతి ఫ్రెమెన్ల నాయకుడు స్టిల్గర్‌తో పాల్ మాట్లాడే సన్నివేశం. మీరు ఆపిన చోటికి ముందే ఉంటుంది, చదివే ఉంటారు. పాల్ పాత భూమి చరిత్ర తీస్తాడు. చెంఘిజ్ ఖాన్ నలభై లక్షల మందిని చంపి ఉంటాడని, హిట్లర్ అరవై లక్షలకు పైగా అని లెక్క చెప్తాడు. స్టిల్గర్‌కి ఆ అంకెలు ఏమంత గొప్పగా అనిపించవు. అప్పుడు పాల్ తన లెక్క చెప్తాడు: తక్కువలో తక్కువ 6,100 కోట్ల మంది చచ్చారు, 90 గ్రహాలు జీవం లేకుండా పోయాయి, 500 గ్రహాలు వెన్ను విరిగి పడున్నాయి, 40 మతాలు తుడిచిపెట్టుకుపోయాయి. చాలామంది పాఠకులు ఈ పేజీని అంకెల్లా చదివి ముందుకు పోతారు. నన్ను పట్టుకున్నది అంకె కాదు, స్టిల్గర్. మొదటి నవలలో పాల్‌ని తన తెగలోకి తీసుకున్న నాయకుడు ఇప్పుడు మంత్రిగా పక్కన నిలబడి, అరవై లక్షల చావులు ఒక లెక్కా అంటున్నాడు. స్నేహితుడు భక్తుడైపోయిన సంగతి మొదటి నవల చివర్లో పాల్ గమనిస్తాడు. ఇక్కడ ఆ భక్తుడు ఏమైపోయాడో కనిపిస్తుంది. పాల్ మీద మీకు విసుగొచ్చింది అన్నారు చూడండి, ఆ విసుగు పాల్‌కి కూడా ఉంది, తన మీద తనకే.

రెండోది ఫరోక్. మొదట్లోనే కుట్రదారు స్కైటేల్ ఈ ముసలి ఫ్రెమెన్ సైనికుడి ఇంటికి వెళ్తాడు. పాల్ పేరు మీద సాగిన జిహాద్‌కి (మతయుద్ధానికి) ఫరోక్ ఏ మతావేశంతోనూ పోలేదు. సముద్రం అనేది ఒకటుంటుందని విన్నాడు, చూడాలనిపించింది, సైన్యంలో చేరాడు. నీటి బొట్టు కోసం శవాన్ని పిండే గ్రహంలో పుట్టినవాడు ఒక పరాయి గ్రహం మీద నిజంగానే సముద్రంలోకి దిగాడు. బయటికొచ్చేసరికి ఆ జిహాద్ జ్వరం వదిలిపోయింది. ఇంట్లో స్టోన్ బర్నర్‌కి (కళ్ళు మాడ్చేసే అణ్వాయుధం) కళ్ళు పోగొట్టుకున్న కొడుకు వాద్యం వాయించుకుంటూ ఉంటాడు. ఫరోక్ ఇప్పుడు పాల్ మీద కుట్రలో ఉన్నాడు. ఆరేడు పేజీలు ఉంటుందేమో అంతా కలిపి. యుద్ధం చూపించలేదన్నారు, ఆ యుద్ధం మొత్తం ఈ ఇంట్లో ఉంది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ముందు ఈ ఒక్క అధ్యాయం తిరిగి చదవండి.

మా బృందంలో ఈ నవలని అందరికంటే ఎక్కువ ఇష్టపడింది ఒక రిటైర్డ్ తాసిల్దారుగారు. కత్తులూ ఎడారిలో తిరిగే రాక్షస ఇసుక పురుగులూ ఆయనకి అక్కర్లేదు. "ఉద్యమం ఆఫీసయ్యాక ఎలా ఉంటుందో వీడెవడో లోపల పనిచేసినట్టే రాశాడండీ" అనేవారు. నిజమే. ఎడారిలో ప్రాణాలకి తెగించిన ఫ్రెమెన్లు ఇప్పుడు మఠాధికారులు, యాత్రికుల దగ్గర కానుకలు పిండేవాళ్ళు, ఫైళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళు. ఒకప్పుడు పాల్‌తో కలిసి పోరాడిన కొర్బా పెద్ద పూజారి అయి, అదే పాల్ మీద కుట్రలో దొరికిపోతాడు. తాసిల్దారుగారు ఈ సన్నివేశాలు చదివి పగలబడి నవ్వేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

పుస్తకం తప్పులూ ఉన్నాయి, అవి దాచిపెట్టి "లోతైన పుస్తకం" అని బుకాయించను. మొదటిది, కుట్రదారుల మాటలు. మొదట్లోనే బెనె గెస్సెరిట్ అనే స్త్రీల రహస్య సంఘం మదర్, అంతరిక్ష ప్రయాణాలు నడిపే గిల్డ్ తరఫున నారింజ రంగు వాయువు నింపిన తొట్టిలో తేలే ఎడ్రిక్, రూపం మార్చే స్కైటేల్, పేరుకి మాత్రమే పాల్ పెళ్ళాం అయిన ఇరులాన్ కూర్చుని పేజీలకి పేజీలు ఒకరినొకరు దెప్పుకుంటారు. ఎవరికి ఏం కావాలో సూటిగా చెప్పరు. సగం వాక్యాలు "నువ్వు అనుకుంటున్నది నాకు తెలుసు, నాకు తెలుసని నీకూ తెలుసు" తరహా. మొదటి నవలలో ఈ పద్ధతి విందు సన్నివేశంలో అద్భుతంగా కుదిరింది, ఎందుకంటే అక్కడ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరు చస్తారో అన్న భయం ఉంది. ఇక్కడ ఆ భయం రావడానికి చాలా పేజీలు పడుతుంది. మీరు ఆపేసింది ఇక్కడి నీరసం వల్లే అయితే తప్పు మీది కాదు.

రెండోది ఇరులాన్. ఆమె, పాల్ నిజంగా ప్రేమించి భార్యగా చూసుకునే ఫ్రెమెన్ అమ్మాయి చానీకి పిల్లలు పుట్టకుండా తిండిలో రహస్యంగా మందు కలుపుతూ ఉంటుంది, ఏళ్ళ తరబడి. ఇంత చేసిన మనిషికి చివర్లో పాల్ మీద ప్రేమ ఉండేదని, అది తనకే తెలియలేదని ఇంకెవరిచేతనో రెండు మాటల్లో చెప్పించి ముగించేస్తాడు. ఒక అధ్యాయం పట్టాల్సిన మార్పు అది. మా బృందంలో ఒక డాక్టరమ్మ ఇక్కడ పుస్తకం మీద కోపంతో ఊగిపోయారు. మందు ఆపడం, ఫ్రెమెన్ ఆహారంతో గర్భం రావడం, అది ప్రాణం మీదికి రావడం: ఇదంతా చానీ శరీరం మీద జరుగుతుంది గానీ చానీ ఏమనుకుంటోందో మనకి చాలా తక్కువ తెలుస్తుందని ఆవిడ అభ్యంతరం. దానికి జవాబు చెప్పడానికి చాలామంది ప్రయత్నించారు. నా దృష్టిలో ఆవిడ మాటకి జవాబు లేదు.

అయితే అదే కథలో ఒక సంగతి ఉంది, మొదటిసారి చదివినప్పుడు జారిపోతుంది. ఇరులాన్ మందు పెడుతున్నట్టు పాల్‌కి తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. ఎందుకంటే చానీ ప్రసవంలో చనిపోతుందని భవిష్యత్తులో చూశాడు. మందు పనిచేసినన్నాళ్ళూ చానీ బతికుంటుంది. అంటే శత్రువు చేస్తున్న ద్రోహమే అతనికి భార్య ఆయుష్షు. బిడ్డ కావాలని అడిగే చానీకి ఆ మాట చెప్పలేడు. మొదటి నవలలో భవిష్యత్తు చూడగలగడం వరం లాగా ఉంటుంది. ఇక్కడ అది జైలు. అన్నీ తెలిసినవాడు మాట్లాడటం తప్ప ఏం చేయగలడు? గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే అన్నారు కదా, సగం కారణం ఇదే. మిగిలిన సగం హెర్బర్ట్‌కి మాటలు తగ్గించుకోవడం రాకపోవడం.

మీకు రాబోయే పేజీల్లో ఏముందో కొంచెం చెప్పి ఊరిస్తాను. స్టోన్ బర్నర్ పేలి పాల్ కళ్ళు పోతాయి. కానీ ముందే చూసిన భవిష్యత్తుని అడుగడుగునా అనుసరిస్తూ, కళ్ళున్నవాడిలాగే నడుస్తాడు, ఎదుటివాళ్ళ ముఖాలు వర్ణిస్తాడు. అతని మనుషులు జడుసుకుంటారు. ఇది ఎంతవరకు నడుస్తుందంటే కవలలు పుట్టేదాకా. ఒక్క ఆడపిల్లనే ముందు చూశాడు, కొడుకుని చూడలేదు. అక్కడితో చూపు తెగిపోయి నిజంగా గుడ్డివాడవుతాడు. సరిగ్గా అప్పుడే స్కైటేల్ పసివాళ్ళ మీద కత్తి పెట్టి బేరం మొదలుపెడతాడు: రాజ్యం వదులుకో, చచ్చిన చానీని మళ్ళీ తయారుచేసి ఇస్తాం. అప్పుడు పాల్ ఏ కళ్ళతో చూసి కత్తి విసురుతాడన్నది చెప్పను, అది మీకోసం వదిలేస్తున్నాను. దానికి కాస్త ముందే పాల్ పాత స్నేహితుడు డంకన్ ఐడహో శవం నుంచి పుట్టించిన హేట్‌లో, పాల్‌ని చంపమని లోపల పెట్టిన ఆజ్ఞకీ పాత స్నేహానికీ మధ్య జరిగే పెనుగులాట ఉంటుంది. ఈ సిరీస్ మొత్తంలో అంత బిగువైన అధ్యాయాలు తక్కువ.

ఎటునుంచి వచ్చారన్న దాన్నిబట్టి కూడా స్పందన మారుతుంది. డేవిడ్ లించ్ 1984 సినిమా చూసి వచ్చిన పాతతరం వాళ్ళకి తగిలిన దెబ్బ పెద్దది. ఆ సినిమా చివర్లో పాల్ అర్రాకిస్ మీద వర్షం కురిపించేస్తాడు! నవల లెక్కలో నీళ్ళంటే ఇసుక పురుగులకి చావు. పురుగులు లేకపోతే స్పైస్ లేదు. అంత శుభంగా ముగిసిన కథ పట్టుకుని ‘మెసయా’లోకి వస్తే తల తిరగక ఏమవుతుంది?

విల్నవ్ సినిమాలు చూసి వచ్చిన కుర్రాళ్ళ పరిస్థితి వేరు. 2024లో వచ్చిన రెండో భాగంలో పాల్ మీద అనుమానం బాగా నాటారు, కాబట్టి అతని పతనం వాళ్ళకి పెద్ద షాక్ కాదు. వాళ్ళు తికమకపడేది ఇంకోచోట. సినిమాలో చానీ అలిగి పురుగునెక్కి వెళ్ళిపోతుంది. నవలలో ఆమె ఎక్కడికీ పోదు, ‘మెసయా’ తెరిచేసరికి పాల్ పక్కనే ఉండి బిడ్డ కోసం తపిస్తుంటుంది. సినిమాలో ఇంకా పుట్టని పాల్ చెల్లెలు అలియా ఇక్కడ పదిహేనేళ్ళ పిల్ల, జనం మొక్కే దేవత. మొదటి నవల వదిలేసి సినిమా నుంచి నేరుగా ‘మెసయా’కి దూకొద్దని అందరికీ చెప్తుంటాను, వినరు. తర్వాత "ఈ అలియా ఎవరండీ" అని ఫోన్లు. ‘మెసయా’ ఆధారంగా మూడో సినిమా 2026 డిసెంబరుకని ప్రకటించారు కాబట్టి ఈ ఫోన్లు ఇంకా పెరుగుతాయి. అమెరికాలో ఉన్న మా బృందం సభ్యుడొకాయన 2003 నాటి టీవీ మినీసిరీస్ ముందు చూసి తర్వాత చదివాడు. అందులో ‘మెసయా’నీ ‘చిల్డ్రన్’నీ కలిపి మూడు భాగాలుగా తీశారు, ‘మెసయా’ మొదటి భాగంలోనే అయిపోతుంది. ఆ పద్ధతి మంచిదని ఆయన వాదన: రెండోది ఒక నవల కాదు, మొదటిదానికీ మూడోదానికీ మధ్య వంతెన అని. నేను ఒప్పుకోను గానీ, ‘మెసయా’తో విసిగినవాళ్ళని మూడోది చదివించడానికి ఆ మాట బాగా పనిచేస్తుంది.

తర్వాతి నవలల సంగతి. ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’ (1976) మీకు నచ్చే అవకాశాలు ఎక్కువ. ఎడారి మళ్ళీ వస్తుంది, పారిపోవడాలు, వెంటాడటాలు, పులులు కూడా ఉన్నాయి. పాల్ పిల్లలు లీటో, ఘనీమా మాట్లాడే తీరు మొదట్లో చిరాకు పెడుతుంది, తొమ్మిదేళ్ళ పిల్లలు వెయ్యేళ్ళ ముసలాళ్ళలా మాట్లాడతారు. దానికో కారణం ఉంది, ఓపిక పట్టండి.

నాలుగోది ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’ (1981). దీని దగ్గర పాఠకులు నిట్టనిలువునా చీలిపోతారు. కథ ఒక్కసారిగా మూడున్నర వేల ఏళ్ళు ముందుకి దూకుతుంది. లీటో సగం మనిషి, సగం పురుగు, విశ్వాన్ని తొక్కిపెట్టి ఏలుతున్నాడు, తనని ఎవరో ఒకరు కూల్చాలని తనే ఏర్పాట్లు చేసుకుంటున్నాడు. పుస్తకంలో ఎక్కువ భాగం అతని మాటలే. మీరు ‘మెసయా’లో మాటలకే ఆగిపోయారు కాబట్టి చెప్తున్నాను: ఇందులో దానికి మూడింతలుంటాయి. అయితే మా బృందంలో కొందరికి మొత్తం సిరీస్‌లో ఇదే ప్రాణం. ఒకాయన పెన్సిల్‌తో గీతలు పెట్టీ పెట్టీ కాపీని పాడుచేశాడు, ఇప్పుడా కాపీ ఎవరికీ ఇవ్వలేకపోతున్నాం. ‘మెసయా’ పూర్తి చేసి, పాల్ జైలు గురించి పైన చెప్పిన భాగం మిమ్మల్ని పట్టి లాగితే ‘గాడ్ ఎంపరర్’ చదవండి. "సరే, అయిపోయింది, హమ్మయ్య" అనిపిస్తే ‘చిల్డ్రన్’తో ఆపేయండి. లోటేమీ ఉండదు, పాల్ కథ అక్కడికి పూర్తవుతుంది.

అయిదు, ఆరు (1984, 1985) దాదాపు వేరే కథ. ఆరోది సస్పెన్స్‌లో ఆగిపోతుంది, 1986 ఫిబ్రవరిలో హెర్బర్ట్ పోయాడు. ఆ ముగింపుని ఆయన కొడుకు బ్రయాన్, కెవిన్ ఆండర్సన్‌తో కలిసి 2006, 2007లో రెండు నవలలుగా రాశాడు. కథ ఏమవుతుందో తెలుసుకోవాలన్న దురద తీరుతుంది. హెర్బర్ట్ వాక్యం కోసం వెతికితే మాత్రం దొరకదు. కొని చదవమని చెప్పను, ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

ఒక మాట అడగడం మర్చిపోయాను. సగంలో ఆపానన్నారు గానీ ఎక్కడో చెప్పలేదు. స్టోన్ బర్నర్ పేలడానికి ముందా, తర్వాతా? ముందైతే పైన చెప్పినట్టు ఫరోక్ అధ్యాయం ఒక్కటి తిరగేసి, ఆపిన చోట నుంచి సాగించండి. పేలిన తర్వాత కూడా విసుగొచ్చి ఆపి ఉంటే అది ఇంకో రకం కేసు, కింద వ్యాఖ్యలో రాయండి, మాట్లాడుకుందాం.